ఛాసిస్ నంబరు తెలుసు, యజమాని తెలియదు: సరిహద్దు జిల్లాల్లో రీకాల్ ఎక్కడ ఆగిపోతోంది

ఒడిశాలోని రాయగడలో పాత బండి చేతులు మారేటప్పుడు ఒక చిన్న పని జరుగుతుంది. మెకానిక్ బండి ఫ్రేము మీద ఒక చోట కిరోసిన్ గుడ్డతో మడ్డి తుడుస్తాడు. మట్టి, గ్రీజు పోయాక ఇనుములో గుద్దిన అక్షరాలు బయటపడతాయి. వాటి మీద పల్చటి కాగితం పెట్టి, పెన్సిల్‌ను వాలుగా పట్టుకుని రుద్దుతాడు. కాగితం నల్లబడుతుంది, గుద్దిన చోట మాత్రం తెల్లగా మిగిలి 17 అక్షరాలు, అంకెలు తేలతాయి. అదే ఛాసిస్ నంబరు. ఆ ముక్కను ఫారానికి అంటించి ఆర్టీవో ఆఫీసుకు పంపుతారు.

బండికి అది పుట్టుమచ్చ లాంటిది. రంగు మారినా, నంబర్ ప్లేటు మారినా, యజమాని మారినా అది మారదు. అందులో మొదటి మూడు స్థానాలు తయారీదారువి. మహీంద్రా అయితే ‘ఎంఏ1’, మారుతి అయితే ‘ఎంఏ3’, రాయల్ ఎన్‌ఫీల్డ్ అయితే ‘ఎంఈ3’. ఒకటి, సున్నాలతో పొరబడకుండా ‘ఐ’, ‘ఓ’, ‘క్యూ’ అక్షరాలను అసలు వాడరు. కంపెనీ ఏదైనా లోపం కనిపెట్టి బళ్లను వెనక్కి పిలిచేటప్పుడు, అంటే రీకాల్ చేసేటప్పుడు, ఈ నంబర్లు పట్టుకునే పిలుస్తుంది. ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా, ఫలానా తేదీల మధ్య తయారైనవి అని జాబితా తీస్తుంది. జాబితా తీయడం వరకు కంపెనీకి ఇబ్బంది లేదు. ఆ నంబరున్న బండి ఈ రోజు ఎవరి వాకిట్లో ఉందో, వాళ్ల ఫోన్ నంబరేమిటో తెలుసుకోవడంలోనే ఉంది చిక్కంతా. ఒడిశా సరిహద్దులో ఉన్న తెలుగువాళ్ల విషయంలో రీకాల్ తెగిపోయేది సరిగ్గా అక్కడే. చట్టం ఉంది, కొత్త విడిభాగం ఉంది, ఉచితంగా మార్చే ఏర్పాటు ఉంది. కబురు వెళ్లే దారి మాత్రం సరిగా లేదు.

రీకాల్ అనే మాట వినగానే మన దగ్గర చాలామంది ఆ కంపెనీ బండి కొనకూడదని అనుకుంటారు. అలా అనుకోవడం పొరపాటు. వేల సంఖ్యలో బళ్లు తయారయ్యే చోట ఏదో ఒక రోజు ఏదో ఒక యంత్రం సెట్టింగ్ తప్పుతుంది, ఒక బ్యాచ్ విడిభాగాలు పాడవుతాయి. తప్పు బయటపడ్డాక దాన్ని ఒప్పుకుని, బళ్లు పిలిపించి, పైసా తీసుకోకుండా సరిచేసే కంపెనీని అనుమానించాల్సిన పని లేదు. తెలిసి కూడా నోరు మెదపని కంపెనీతోనే ప్రమాదం.

మన దేశంలో దీనికి రెండు దశల చరిత్ర ఉంది. 2012 జూలైలో వాహన తయారీదారుల సంఘం సియామ్ స్వచ్ఛంద రీకాల్ నియమావళి తెచ్చింది. అది కంపెనీలు తమకు తాము పెట్టుకున్న కట్టుబాటు. తర్వాత 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఎ అనే సెక్షన్ చేర్చారు. బండిలోని లోపం వల్ల నడిపేవారికి, ఎక్కినవారికి, రోడ్డు మీద వెళ్లే ఇతరులకు, పర్యావరణానికి హాని జరిగే అవకాశం ఉంటే కేంద్ర ప్రభుత్వం రీకాల్‌కు ఆదేశించవచ్చు. అప్పుడు కంపెనీ బండిని బాగుచేయాలి, లేదా అలాంటిదో అంతకన్నా మెరుగైనదో ఇవ్వాలి, లేదా డబ్బు తిరిగి చెల్లించాలి. నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏడేళ్ల లోపు బళ్లకు ఇవి వర్తిస్తాయి. ఆదేశించి చేయించాల్సి వస్తే కంపెనీకి గరిష్ఠంగా కోటి రూపాయల దాకా జరిమానా పడుతుంది. తనంతట తానే లోపం చెప్పి రీకాల్ మొదలుపెడితే ఆ జరిమానా ఉండదు. దాచకుండా ముందే చెప్పేవాడికి మేలు జరిగేలా పెట్టిన ఏర్పాటు ఇది. మంచి ఏర్పాటే.

కొండ దారుల్లో తిరిగే బండి అనగానే ఇప్పుడు చాలామందికి గుర్తొచ్చేది మహీంద్రా థార్ జీపు. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి శిఖరం కోరాపుట్ జిల్లాలోనే ఉంది, ఎత్తు 1,672 మీటర్లు. అక్కడికి సెలవు రోజుల్లో వైజాగ్, విజయనగరం వైపు నుంచి జనం బళ్లేసుకుని వస్తున్నారు. 2021 ఫిబ్రవరిలో మహీంద్రా 1,577 డీజిల్ థార్లను వెనక్కి పిలిచింది. 2020 సెప్టెంబర్ 7 నుంచి డిసెంబర్ 25 మధ్య తయారైన బళ్లవి. విడిభాగాలు సరఫరా చేసే ఒక ప్లాంటులో యంత్రం సెట్టింగ్ సరిగా లేక క్యామ్‌షాఫ్ట్‌లు దెబ్బతిని ఉండొచ్చని కంపెనీ చెప్పింది. ఇంజన్‌లో వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో ఎప్పుడు మూసుకోవాలో నడిపించే కడ్డీ అది. పట్టణంలో అది మొరాయిస్తే బండి పక్కకు తోసి ఆటో ఎక్కొచ్చు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే, వెనక లోడు లారీ, పక్కన లోయ ఉన్నప్పుడు ఇంజన్ పట్టు తప్పితే దాని సంగతే వేరు.

2022 డిసెంబర్‌లో అదే కంపెనీ 12,566 ఎక్స్‌యూవీ 700లను, 6,618 స్కార్పియో ఎన్‌లను పిలిచింది. అన్నీ మాన్యువల్ గేర్ బళ్లే. క్లచ్ దగ్గర ఉండే ‘బెల్లో’ అనే ముడతల రబ్బరు తొడుగు కొలతలో తేడా వచ్చి ఉండొచ్చని అనుమానం. సరఫరాదారు దగ్గర మంచివీ చెడ్డవీ ఏరివేయడంలో పొరపాటు జరిగిందట. 2023 ఆగస్టులో 1,08,306 ఎక్స్‌యూవీ 700లకు ఇంజన్ దగ్గరి వైరింగ్ రాపిడికి తెగే ప్రమాదం ఉందేమో చూస్తామంది. 2021 మేలో రాయల్ ఎన్‌ఫీల్డ్ 2,36,966 బళ్లను ఇగ్నిషన్ కాయిల్ లోపం కారణంగా పిలిచింది. వాటిలో పది శాతం లోపు బళ్లకే కాయిల్ మార్చాల్సి రావచ్చని కంపెనీ అంచనా. మరి అన్నిటినీ ఎందుకు పిలిచారు? ఏ బండిలో పాడైన కాయిల్ ఉందో విప్పి చూస్తే గానీ తెలియదు కాబట్టి. ‘నా బండి బాగానే నడుస్తోందిగా’ అని ఊరుకునేవాళ్లు గమనించాల్సిన విషయం ఇదే. బాగా నడుస్తున్న బండినే పిలుస్తారు. ఆగిపోయిన బండికి రీకాల్ అక్కర్లేదు, అది ఎలాగూ షెడ్డుకు చేరుతుంది.

కబురు దారి ఎక్కడెక్కడ తెగుతుంది

రీకాల్ కబురు యజమానిని చేరే దారులు మూడు. ఫోన్‌కు వచ్చే మెసేజ్, ఇంటికి వచ్చే ఉత్తరం, సర్వీసింగ్‌కు వెళ్లినప్పుడు షోరూం వాళ్లు కంప్యూటర్‌లో చూసి చెప్పడం. ఈ మూడూ ఒక ఊహ మీద ఆధారపడ్డాయి. బండి ఎవరి పేరున ఉందో వాళ్లే నడుపుతున్నారని, కొన్న ఊళ్లోనే ఉన్నారని, కొన్న చోటే సర్వీసింగ్ చేయిస్తున్నారని ఆ ఊహ. రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం, మల్కనగిరి, బరంపురం పట్టణాల్లో తెలుగు కుటుంబాలు బండి ఎలా కొంటాయో కాస్త దగ్గర నుంచి చూస్తే ఈ ఊహ ఎంత బలహీనమైనదో తెలుస్తుంది.

రాయగడ నుంచి పార్వతీపురం రైలెక్కితే గంట, గంటన్నర. అక్కడో, బొబ్బిలిలోనో, విజయనగరంలోనో చుట్టాలుంటారు. షోరూం పెద్దది, రంగులు దొరుకుతాయి, బేరం కుదురుతుంది, పైగా భాష మనది. బావగారి పేరున ఫైనాన్స్ వస్తుంది, ఆయన ఆధార్ అడ్రసుతో రిజిస్ట్రేషన్ అవుతుంది. ఫారంలో వేసే ఫోన్ నంబరు కూడా చాలాసార్లు ఆయనదే. బండి మాత్రం ఒడిశాలో తిరుగుతుంది. ఏడాది దాటితే ఉన్న రాష్ట్రంలో మళ్లీ రిజిస్టర్ చేయించుకోవాలని చట్టం చెబుతుంది. అందుకు ముందు ఎన్‌ఓసీ, అంటే పాత ఆర్టీవో ఆఫీసు అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం కావాలి, టాక్సు కట్టాలి, రెండు ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఇన్ని పనులని వాయిదా వేసేవాళ్లు తక్కువేం కాదు. నాలుగేళ్ల తర్వాత రీకాల్ మెసేజ్ వస్తే అది బావగారి పాత సిమ్‌కు వెళుతుంది. ఆయన ఆ సిమ్ ఎప్పుడో పారేసి ఉంటాడు.

సెకండ్ హ్యాండ్ బళ్ల విషయంలో ఇంకా కష్టం. సాలూరు లారీల ఊరు. పాత బళ్ల కొనుగోలు, అమ్మకం, బాడీ పనులు అక్కడి బతుకుతెరువు. అక్కడి నుంచి పొట్టంగి, కోరాపుట్ మీదుగా బళ్లు పైకి వస్తుంటాయి. యాజమాన్యం మార్చే 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు పెట్టించి, పేరు మార్చకుండా జేబులో పెట్టుకుని ఒకరి నుంచి ఒకరికి బండి అమ్మేయడం పాత అలవాటు. ‘ఓపెన్ ఫారాలు’ అంటారు. ఎవరైనా చివరికి తన పేరుకు మార్చుకునేదాకా రికార్డులో మొదటి యజమానే ఉంటాడు. యాక్సిడెంట్ జరిగితే కేసు ఎవరి మీదకి వస్తుందోనన్న టెన్షన్ గురించి అందరికీ తెలుసు. దీనివల్ల రీకాల్ కబురు కూడా పోతుందన్న సంగతి ఎవరూ తలచుకోరు.

మూడో దారి సర్వీసింగ్. ఇది అన్నిటికన్నా నమ్మకమైన దారి. చాలా కంపెనీలు బయటకి ప్రకటించకుండా సర్వీసింగ్‌కు వచ్చినప్పుడే చిన్న చిన్న లోపాలను సరిచేసి పంపిస్తాయి. కానీ వారంటీ అయిపోగానే బండి రోడ్డు పక్క షెడ్డుకు మళ్లుతుంది. అందులో తప్పేమీ లేదు. మల్కనగిరి దిగువన మోటులో ఉండే మనిషి ఆయిల్ మార్చడానికి కంపెనీ సర్వీస్ సెంటర్ వెతుక్కుంటూ జయపురం దాకా పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. షెడ్డు మేస్త్రీకి బండి గుణం తెలుసు, డబ్బు తర్వాత ఇచ్చినా ఏమనడు. ఆయన దగ్గర లేనిది ఒక్కటే, కంపెనీ కంప్యూటర్. ఆ నంబరు మీద రీకాల్ పెండింగ్ ఉందని ఆయనకు ఎవరూ చెప్పరు.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రీకాల్ మెసేజ్‌లు ఎక్కువగా ఇంగ్లిష్‌లో వస్తాయి. ఉత్తరం వస్తే అదీ ఇంగ్లిష్‌లోనే. సరిహద్దు జిల్లాల్లో ఒక్క ఇంట్లోనే తాతకు తెలుగు చదవడం వస్తుంది, కొడుకు ఒడియా మీడియంలో చదివాడు, మనవరాలు ఇంగ్లిష్ మీడియం. కొండ మీద సవర, కువి, కోయ మాట్లాడేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఇన్‌స్పెక్షన్ క్యాంపెయిన్, ప్రివెంటివ్ రిప్లేస్‌మెంట్ లాంటి మాటలతో వచ్చిన మెసేజ్‌ను ఎక్కువమంది ఇన్సూరెన్స్ వాళ్ల ప్రకటన అనుకుని తీసేస్తారు. ‘మీ బండి బ్రేకు పైపులో లోపం ఉండొచ్చు. నడపకండి. ఈ నంబరుకు ఫోన్ చేయండి, ఉచితంగా మారుస్తాం’ అని మూడు వాక్యాలు తెలుగులోనూ, ఒడియాలోనూ రాస్తే ఎవరూ తీసేయరు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పోరాటమంతా ఇందుకే గదా. మాట్లాడే మాటలో రాయకపోతే చదువు జనానికి అందదని ఆయన వాదించారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకుని వాచకాలు రాశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది. రాష్ట్రం మారినా, అర్థమయ్యే మాటలో చెప్పాలన్న ఆయన పట్టుదల ఆ ఊరికి ఇప్పటికీ అవసరమే. ప్రాణానికి సంబంధించిన కబురుకైతే మరీ అవసరం.

ఏడేళ్ల హద్దు ఈ ప్రాంతానికి సరిపోదు. కొత్తగా రోడ్డెక్కిన బళ్లను దృష్టిలో పెట్టుకున్న హద్దది. కొండ ప్రాంతంలో సంతకు మనుషుల్ని, అరటి గెలల్ని, మేకల్ని చేర్చే జీపులు, పికప్‌లు చాలావరకు అంతకన్నా పాతవి. పైగా కొన్ని లోపాలు కాలం గడిస్తేనే బయటపడతాయి. టకాటా అనే కంపెనీ ఎయిర్ బ్యాగుల వ్యవహారమే చూడండి. ప్రపంచంలో అతి పెద్ద వాహన రీకాల్ అది. ఎయిర్ బ్యాగును క్షణంలో ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్‌లో అమ్మోనియం నైట్రేట్ వాడారు. ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలితే ఆ మందు స్వభావం మారి, పేలినప్పుడు అవసరానికి మించిన వేగంతో మండుతుంది. లోహపు డబ్బా పగిలి ముక్కలు మనిషి మీదికే దూసుకొస్తాయి. అమెరికాలో అందుకే వేడి, తేమ ఎక్కువగా ఉండే ఫ్లోరిడా లాంటి తీర ప్రాంతాల బళ్లకు ముందు ప్రాధాన్యం ఇచ్చారు. భారత్‌లోనూ హోండా, టొయోటా వంటి కంపెనీలు ఈ ఎయిర్ బ్యాగులున్న పాత కార్లను పిలిచాయి. బరంపురం, గోపాల్‌పూర్, ఇచ్ఛాపురం తీరంలో గాలి ఎలా ఉంటుందో అక్కడివాళ్లకు వేరే చెప్పాలా? పదేళ్ల పాత కారు అక్కడ తక్కువ ధరకు దొరికితే కొనేవాళ్లు టైర్లు చూస్తారు, ఇంజన్ శబ్దం వింటారు, ఎయిర్ బ్యాగు రీకాల్ పూర్తయిందా అని ఒక్క మాట అడగరు. ఆ సంగతి కంపెనీ డీలర్ దగ్గర ఛాసిస్ నంబరు చెబితే రెండు నిమిషాల్లో తేలుతుంది.

నంబర్ ప్లేటే లేని బళ్లు

ఇక రోడ్డుకు సంబంధం లేని బళ్ల సంగతి. అరకు దారిలో అద్దెకు తిప్పే, నాలుగు లావు చక్రాల ఏటీవీలు చూడనివాళ్లు తక్కువ. అసలు ఈ రకం బళ్లు పుట్టి పెరిగిన అమెరికాలో వీటి భద్రతను రోడ్డు వాహనాల శాఖ చూడదు. రోడ్డు మీద తిరిగే బళ్లు ఒక సంస్థ కిందికి, అంటే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ కిందికి వస్తాయి. ఏటీవీలు, పక్కపక్కన ఇద్దరు కూర్చునే ఆఫ్‌రోడ్ బళ్లు వినియోగ వస్తువుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీ కిందికి వస్తాయి. 1972 చట్టంతో పుట్టిన సంస్థ అది. పిల్లల ఊయల, టోస్టర్, ఏటీవీ అన్నీ అక్కడ ఒకే గొడుగు కింద ఉంటాయి.

ఆ సంస్థ అనుభవంలో మనకు పనికొచ్చే పాఠాలున్నాయి. మూడు చక్రాల ఏటీవీలు మలుపులో తిరగబడుతున్నాయని, పిల్లలు చనిపోతున్నారని 1980లలో గొడవ ముదిరింది. 1988లో కంపెనీలు కోర్టు ఒప్పందంతో వాటి అమ్మకం ఆపాయి. 2009లో యమహా రైనో అనే ఆఫ్‌రోడ్ బండిని, 46 మరణాలు లెక్కకొచ్చాక, మరమ్మతు కోసం పిలిచారు. వెనక చక్రాల మధ్య దూరం పెంచే స్పేసర్లు బిగించడం, తిరగబడే గుణం తగ్గేలా మార్పులు చేయడం ఆ మరమ్మతు. పొలారిస్ సంగతి మరీ ముఖ్యం. 2016 ఏప్రిల్‌లో ఆ కంపెనీ 1,33,000 ఆర్‌జెడ్‌ఆర్ బళ్లను పిలిచింది. నడుస్తుండగానే మంటలు వచ్చే ప్రమాదం ఉందని కారణం. అప్పటికే 160కి పైగా మంటల ఘటనలు నమోదయ్యాయి, 15 ఏళ్ల అమ్మాయి ప్రాణం పోయింది. 2018లో ఆ కంపెనీ 2 కోట్ల 72 లక్షల 50 వేల డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకుంది. లోపం తెలిసినా వెంటనే చెప్పలేదన్నది దాని మీద ఆరోపణ. అక్కడ ప్రమాదకరమైన లోపం గురించి సమాచారం అందిన 24 గంటల్లో సంస్థకు తెలియజేయాలి. మన కోటి రూపాయల గరిష్ఠ జరిమానాను దీని పక్కన పెట్టి చూస్తే అది ఎంత తేలికైనదో అర్థమవుతుంది. లక్షల బళ్లు అమ్మే కంపెనీకి కోటి రూపాయలు భయపెట్టే మొత్తం కాదు. దీన్ని పెంచాలి.

మన దగ్గర అద్దె ఏటీవీకి రోడ్డు రిజిస్ట్రేషన్ ఉండదు. ఆవరణలో తిప్పే బండి కాబట్టి వాహన రికార్డుల్లో దాని పేరు కనిపించదు. ఎక్కడో ఒక రిసార్ట్ కొన్న బండి రెండేళ్లకు మరో ఊరి పార్కుకు అమ్ముడుపోతుంది. తయారీ దేశంలో దానికి రీకాల్ ప్రకటించినా ఇక్కడ దాని మీద పదిహేనేళ్ల పిల్లాడు ఎక్కుతూనే ఉంటాడు. హెల్మెట్ ఇచ్చారా అని అడిగే తల్లిదండ్రులు, బండి మోడల్, సంవత్సరం కూడా అడిగి ఫోన్‌లో ఒకసారి వెతికితే మంచిది. అద్దెకు ఇచ్చేవాడికి అడిగితే చెప్పాల్సిన బాధ్యత ఉంది.

ఇదే లోటు తక్కువ వేగం ఎలక్ట్రిక్ స్కూటర్లలోనూ ఉంది. మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే దాన్ని మోటారు వాహనంగా లెక్కించరు. లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ట్యూషన్‌కు వెళ్లే పిల్లలకు, కిరాణా కొట్టు సామాను చేరవేయడానికి అందుకే వీటిని కొంటున్నారు. రిజిస్ట్రేషన్ లేదంటే యజమాని రికార్డు లేదు. యజమాని రికార్డు లేదంటే రీకాల్‌కు మొదటి మెట్టే లేదు. బ్యాటరీ ప్రమాదం మాత్రం వేగం చూసి రాదు. 2022 వేసవి తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయాడు. ఆ ఏప్రిల్‌లోనే ప్యూర్ ఈవీ 2,000 బళ్లను, ఓలా 1,441 బళ్లను, ఒకినావా 3,215 బళ్లను వెనక్కి పిలిచాయి. ఆ తర్వాతే బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కఠినం చేశారు. రాత్రి నడింట్లో బ్యాటరీ ఛార్జింగ్ పెట్టి పక్కనే పడుకోవడం మానేయాలని చెప్పడానికి ఏ నోటీసూ అవసరం లేదు. కానీ లోపమున్న బ్యాటరీని మార్చే బాధ్యత కొన్నవాడిది కాదు, అమ్మినవాడిది, చేసినవాడిది.

వంటింట్లో ఉన్న నంబరు

వాహనాలు కాని వస్తువులకు వేరే దారి ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20న అమల్లోకి వచ్చింది. దాని కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు, అంటే సీసీపీఏకు, ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి రప్పించి డబ్బు తిరిగి ఇప్పించే అధికారాన్ని 20వ సెక్షన్ ఇచ్చింది. దాన్ని వాడిన సందర్భం ప్రెషర్ కుక్కర్లది. 2021 ఫిబ్రవరి 1 నుంచి ఇంటి కుక్కర్లకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. అయినా ఆ మార్కు లేనివి ఆన్‌లైన్‌లో అమ్ముడయ్యాయి. 2022లో అమెజాన్ ద్వారా అమ్ముడైన 2,265 కుక్కర్లు, ఫ్లిప్‌కార్ట్ ద్వారా అమ్ముడైన 598 కుక్కర్లు కొన్నవాళ్లందరికీ సమాచారం ఇచ్చి, వెనక్కి తీసుకుని, డబ్బు తిరిగి ఇవ్వాలని సీసీపీఏ ఆదేశించింది. ఒక్కో సంస్థకు లక్ష రూపాయల జరిమానా వేసింది.

ఆన్‌లైన్ కొనుగోలులో ఒక మేలుంది. ఎవరికి అమ్మారో రికార్డు ఉంటుంది, పేరు, ఊరు, ఫోన్‌తో సహా. సంతలో కొన్న కుక్కర్‌కు అది లేదు. సంతలో గుడ్డ పరిచి పెట్టిన కుక్కర్లలో ఒకదాన్ని తిరగేసి చూడండి. ఐఎస్ఐ గుర్తు ఉంటే పైన ప్రమాణం నంబరు ఐఎస్ 2347 అని, కింద సీఎం/ఎల్ అన్న అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. గుర్తు మాత్రమే ఉండి కింద నంబరు లేకపోతే దాన్ని నమ్మలేం. నంబరు ఉంటే ఫోన్‌లో ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి ‘బీఐఎస్ కేర్’ యాప్ తెరిచి కొట్టి చూస్తే ఆ లైసెన్సు ఏ కంపెనీది, ఇంకా అమల్లో ఉందా అన్నది తెలుస్తుంది. పక్కనే కుప్పగా పోసిన గ్యాస్కెట్ రబ్బర్లు, సేఫ్టీ వాల్వులు కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. లోపల ఒత్తిడి మితిమీరినప్పుడు కరిగి ఆవిరిని వదిలేయడమే సేఫ్టీ వాల్వు పని. కరగాల్సిన చోట కరగని లోహం పెట్టి అమ్మితే మంచి కంపెనీ కుక్కర్ కూడా మిమ్మల్ని కాపాడలేదు.

నంబరు చూసుకోవడం మన జనానికి చేతకాదని ఎవరైనా అంటే 2007 గుర్తు చేయాలి. ఆ ఆగస్టులో నోకియా బీఎల్-5సీ బ్యాటరీల గురించి హెచ్చరిక వచ్చింది. మత్సుషిటా సంస్థ 2005 డిసెంబర్ నుంచి 2006 నవంబర్ మధ్య తయారుచేసిన 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలు ఛార్జింగ్‌లో వేడెక్కవచ్చని కంపెనీ చెప్పింది. బ్యాటరీ వెనక ఉన్న 26 అక్షరాల నంబరుతో సరిచూసుకోమంది. స్మార్ట్‌ఫోన్లు లేని కాలమది. అయినా ఊళ్లలో జనం ఫోన్ వెనక మూత తీసి, ఆ చిన్న అక్షరాలు చదివి, షాపులకు వెళ్లి అడిగారు. విషయం పేపర్లలో, టీవీల్లో తెలుగులో వచ్చింది కాబట్టే అలా అడగగలిగారు.

పేరు లేని ఛార్జర్, పేరు లేని హీటర్ కడ్డీ కొని ప్రమాదం జరిగితే ఎవర్ని పట్టుకోవాలి? దీనికి 2019 చట్టంలో స్పష్టమైన జవాబుంది. తయారీదారు ఎవరో తెలియకపోతే, లేదా తెలిసినా అతనికి నోటీసు అందించడం కుదరకపోతే, అమ్మినవాడే బాధ్యుడు. వస్తువును అమ్మినవాడే మార్చి అమ్మి, ఆ మార్పు వల్లే హాని జరిగినా అంతే. దుకాణదారుకు ఈ సంగతి తెలిస్తే బిల్లు లేని సరుకు తెచ్చే ముందు రెండుసార్లు ఆలోచిస్తాడు. కొనేవాళ్లు బిల్లు అడగడం ఇక్కడే పనికొస్తుంది, చేత్తో రాసిన చిట్టీ అయినా సరే.

సరిహద్దు వాసులకు ఈ చట్టం ఇచ్చిన పెద్ద మేలు ఇంకొకటి ఉంది, దాన్ని తగినంతగా ఎవరూ ప్రచారం చేయలేదు. 1986 నాటి పాత చట్టం ప్రకారం అమ్మినవాడు ఉన్న చోట, లేదా వివాదం పుట్టిన చోట కేసు వేయాలి. విజయనగరంలో కొన్న ఫ్రిజ్ గురించి రాయగడవాసి విజయనగరం తిరగాల్సిందే. కొత్త చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోట, లేదా పని చేసుకునే చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. వస్తువు విలువ 50 లక్షల రూపాయల దాకా జిల్లా కమిషన్ చూస్తుంది, 5 లక్షల దాకా ఫీజు లేదు. పార్వతీపురంలో కొన్న బండి గురించి గుణుపూర్ మనిషి ఒడిశాలోనే, తన జిల్లాలోనే అడగొచ్చు. రాష్ట్రం హద్దు ఆయన హక్కుకు అడ్డం కాదు. అంతకు ముందు 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులోనూ, ఒడియాలోనూ ఫిర్యాదు రాసుకుంటారు. ఫోన్ చేసేటప్పుడు బిల్లు, ఛాసిస్ నంబరు లేదా వస్తువు నంబరు, లోపం మొదట కనిపించిన తేదీ చేతిలో ఉంచుకోవాలి.

ఫిర్యాదు నమోదు చేయడం తన డబ్బు కోసం మాత్రమే కాదు. వాహనాల రీకాల్ నియమాల్లో ఒక మోడల్ మీద వచ్చిన ఫిర్యాదులు దాని వార్షిక అమ్మకాల్లో నిర్ణయించిన వంతుకు చేరితే ప్రభుత్వం విచారణకు దిగే ఏర్పాటు ఉంది. ఘాట్‌లో బ్రేకు పట్టలేదని షెడ్డులో చెప్పుకుని, మేస్త్రీ దగ్గర వెయ్యి రూపాయలు పెట్టి బాగుచేయించుకుని ఊరుకుంటే అది ఆ లెక్కలోకి రాదు. కొండ దారిలో ముందు బయటపడే లోపాలు మైదానంలోని పట్టణాల్లో ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. అంటే కోరాపుట్, రాయగడ బళ్లవాళ్లు ఇచ్చే ఒక్కో ఫిర్యాదు మిగతా దేశానికి ముందస్తు హెచ్చరిక. అది ఇప్పుడు షెడ్డు గోడల మధ్యే ఉండిపోతోంది.

రవాణా శాఖలు చేయగలిగిన పని ఒకటుంది, పెద్ద ఖర్చు కూడా కాదు. యాజమాన్యం మార్చే 29, 30 ఫారాల్లో రీకాల్ గురించి అడిగే గడి లేదు. పొల్యూషన్, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ బాకీ అన్నీ చూస్తారు. ఎలాగూ పెన్సిల్‌తో రుద్దిన ఛాసిస్ కాగితం ఆ ఫారానికే అంటించి ఉంటుంది. ఆ 17 అక్షరాలను కంపెనీల రీకాల్ జాబితాతో కలిపి చూసి, పెండింగ్ ఉంటే కొత్త యజమాని చేతికి అక్కడే, ఆయన చదవగలిగే భాషలో ఒక చీటీ ఇవ్వొచ్చు. ఎన్‌ఓసీ ఇచ్చే పార్వతీపురం ఆఫీసు ఒకసారి, తీసుకునే రాయగడ ఆఫీసు ఒకసారి చూస్తే, రాష్ట్రం దాటే ప్రతి పాత బండికీ రెండు తనిఖీలు జరిగినట్టవుతుంది. అంతవరకు ఆ పని షెడ్డు మేస్త్రీలే మొదలుపెట్టవచ్చు. కాగితం మీద నంబరు తేలగానే ఫోన్‌తో ఒక ఫోటో తీసి, కంపెనీ కస్టమర్ కేర్‌కు ఒక ఫోన్ చేసి, ‘ఈ బండి మీద రీకాల్ ఏమైనా ఉందా?’ అని అడగడమే.